రెండో గుమ్మంలో పడిన పేర్లు

రిపబ్లిక్ డే మరుసటి రోజు పొద్దున షైలజ సర్వర్ గది తలుపు తీసేసరికి మిషను రొప్పుతోంది. గది అని గౌరవంగా అంటారు గానీ, ఒకప్పుడు ఎక్స్‌రే ఫిల్ములు కడిగిన చీకటి కొట్టు అది. గోడలకు ఆ మందునీళ్ళ వాసన ఇప్పటికీ పోలేదు. ఆమె చెప్పులు బయట విడిచి, చున్నీ నడుముకు బిగించుకుని, ముందుగా ఫ్యాను జాలీకి పట్టిన దుమ్మును పాత పెయింటు బ్రష్షుతో దులిపింది. తర్వాత స్టూలు లాక్కుని స్క్రీను చూసింది. మెమరీ తొంభై ఆరు శాతం నిండిపోయి ఉంది.

గిలాదు ట్రస్టుకు మూడు ఆసుపత్రులు. మదనపల్లెలో పెద్దది, పుంగనూరులో నడిపిది, కుప్పంలో చిన్నది. మూడింటికీ సర్వరు మాత్రం ఇదొక్కటే. రోగుల పేర్లు ఎక్కించే ప్రోగ్రామును షైలజ మూడు ప్రతులు చేసి ఈ ఒక్క మిషనులోనే నడుపుతోంది. ఒకే ఇంట్లో మూడు కాపురాలు పెట్టినట్టు. మదనపల్లె వాళ్ళు ఎనిమిదివేల ఎనభై ఒకటో నంబరు గుమ్మంలోంచి, అంటే స్క్రీను పైన అడ్రసు చివర ఆ నంబరుతో, లోపలికి వస్తారు, పుంగనూరు వాళ్ళు ఎనభై రెండులోంచి, కుప్పం వాళ్ళు ఎనభై మూడులోంచి. ఎవరి పేర్లు వాళ్ళ గదిలో ఉంటాయి. పొయ్యి ఒకటే కాబట్టి ఒకరికి ఎక్కువ వడ్డిస్తే ఇంకొకరు పస్తుండాలి. ఆ వడ్డన చూసుకోవడమే షైలజ ఉద్యోగం.

మొదట్లో ఇది తన తెలివి అని మురిసిపోయింది కూడా. మూడు మిషన్లు అడిగితే ట్రస్టు ఒకటి కొనిచ్చింది, ముగ్గురు మనుషులు కావాలంటే ఆమెనొక్కదాన్నే పెట్టుకుంది. ఆమె ఆ ఒక్కదానితోనే మూడూ నడిపించేసరికి ఇక రెండోది కొనే అవసరం ఎవరికీ కనబడలేదు. నడిచే ఎద్దునే పొడుస్తారని ఊరికే అనలేదు.

పది గంటలకు ట్రస్టు కార్యదర్శి శాలేము రాజు పిలిపించాడు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. ఎవరినీ గట్టిగా ఒక మాట అనడు. చెడ్డ కబురు చెప్పేటప్పుడు మరీ మెల్లగా మాట్లాడతాడు. కుప్పం ఆసుపత్రిని శనివారంతో మూసేస్తున్నామని, రేపు వెళ్ళి అక్కడి పేర్లన్నీ ఒకసారి సరిచూసి రమ్మని, శనివారం మళ్ళీ వెళ్ళి రెండు కంప్యూటర్లూ విప్పి, సాయంత్రానికి మూడో ప్రోగ్రామును ఆపేయమని చెప్పాడు. రోజుకు తొమ్మిది మంది రాని ఆసుపత్రిని ఎన్నాళ్ళని మోస్తామన్నాడు.

"నీ మిషనుకు కూడా బరువు తగ్గుతుంది కదమ్మా," అన్నాడు చివరికి.

అబద్ధమెందుకు, ఆ మాట షైలజకు చల్లగానే తగిలింది. మిషను ఊపిరి పీల్చుకుంటుందనుకుంది. ఆయన మోచేతి కింద ఉన్న పచ్చ ఫైలు కూడా కంటపడింది. ఆరేళ్ళుగా పదకొండేసి నెలల కాంట్రాక్టు మీద నడుస్తున్న ఆమె ఉద్యోగాన్ని ఖాయం చేసే కాగితం అందులోనే ఉంది. వెళ్తానని ఆమె చేత అనిపించుకుని ఆయన ఫైలును కొద్దిగా ముందుకు జరిపాడు.

ఆ తొమ్మిది అంకెను నవంబరు మీటింగులో గోడ మీద పెద్దగా చూపించింది షైలజే. కుప్పంలో పేర్లు రాసే దయానందాన్ని ఆ రోజు పిలిపించారు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ కిటికీ దగ్గర కూర్చున్న మనిషి, ప్రొజెక్టరు వెలుతురు చొక్కా మీద పడుతుండగా నిలబడి, రోజుకు నలభై మంది దాకా వస్తున్నారని, అందరినీ ఎక్కిస్తున్నానని చెప్పాడు. ఎక్కిస్తే ఏవని అడిగారు. ఆయన గోడ మీది తొమ్మిది వంక చూశాడు. కూర్చోమని ఒక్కరూ అనలేదు. షైలజకు పక్కనున్న కుర్చీ జరుపుదామనిపించింది గానీ చేతిలో ప్రొజెక్టరు వైరు ఉంది. మీటింగు అయ్యాక అశ్రద్ధకు మెమో ఇచ్చారు, ఆయన తప్పయిందని రాసి సంతకం పెట్టి బస్సెక్కాడు.

బుధవారం తెల్లవారగానే బయలుదేరిన షైలజ పుంగనూరులో దిగి, పని ఉన్నందుకు కాక దారిలో ఉన్నందుకు అక్కడి ఆసుపత్రిలో తొంగి చూసింది. పేర్ల కిటికీ దగ్గర కమలాక్షి ఇడ్లీ పొట్లం విప్పుకుంటోంది. వెనక గోడకు కొత్త ఫోటో వేలాడుతోంది. ఆరు నెలల్లో రోగులు ఇంతగా పెరిగిన ఆసుపత్రి ఇంకోటి లేదని క్రిస్మస్ ముందు పుంగనూరు వాళ్ళకు శాలువాలు కప్పారు. అందులో కమలాక్షి శాలువా తలమీంచి కప్పుకున్నట్టు పడింది, అది చూసి ఆమే నవ్వింది.

"మీ కుప్పమోళ్ళు గూడా ఈడికే వస్తాండార్లే మా. గుడుపల్లె, రామకుప్పం, శాంతిపురం... లిస్టు నిండా ఆ ఊర్లే కనపడతాండాయి," అంది.

అంత దూరం నుంచి ఇక్కడికి ఎందుకొస్తారని షైలజ అడిగింది. కమలాక్షి చట్నీ మూత తీస్తూ, మొహాలైతే తాను చూడలేదని, పేర్లు మటుకు ఉన్నాయని, ఉన్న పేర్లను లేవనడానికి తానెవరని అంది. బస్సు టైమవుతోందని షైలజ లేచింది. ఆ మాట పలమనేరు దాకా చెవిలోనే ఉంది. వి.కోట దాటాక నిద్రపట్టి పోయింది.

కుప్పం ఆసుపత్రి వసారాలో అడుగుపెట్టేసరికి కూర్చోవడానికి చోటు లేదు. బెంచీల మీద, మెట్ల మీద, వేపచెట్టు చప్టా మీద జనం. మూసేస్తున్నారని తెలిసి మందులకు ఎగబడ్డారు కాబోలనుకుంది. నర్సు యేసమ్మ ఎదురొచ్చి చేతిలో సంచీ అందుకుంది. ఈ పొద్దు ఏమైనా విశేషమా అని అడిగితే, బుధవారం డాక్టరమ్మ వస్తుంది గానీ, మిగతా దినాలూ ఇంచుమించు ఇంతే అని చెప్పింది.

షైలజ కిటికీ వెనక గదిలోకి వెళ్ళి దయానందం పక్కన కూర్చుంది. ఆయన తల తిప్పి చూసి, రామ్మా అని, మళ్ళీ పనిలో పడ్డాడు. ఆయన పని చేసే పద్ధతి చూస్తే ఎవరికైనా విసుగొస్తుంది, ఇంకాసేపు చూస్తే గౌరవం కలుగుతుంది. కిటికీ అవతలి మనిషిని ముందు పేరు అడుగుతాడు, తర్వాత ఊరు, తర్వాత ఏం బాధ అని అడుగుతాడు. కుడిచేతి చూపుడువేలితో ఒక్కొక్క అక్షరం కొడతాడు. సేవ్ నొక్కుతాడు. స్క్రీనుకు మొహం దగ్గర పెట్టి పేరు పడిందా లేదా చూస్తాడు. ఒక చిన్న చీటీ మీద టిక్కు పెట్టుకుంటాడు. మళ్ళీ చూస్తాడు. అప్పుడు డ్రాయరులోంచి పొడుగాటి నోటుపుస్తకం తీసి, అదే పేరు, అదే ఊరు, అదే బాధ స్కేలుతో గీసిన మూడు గడుల్లో చేత్తో రాస్తాడు.

అది ప్రార్థన పుస్తకం. క్రైస్తవ మిషన్ దొరసాని ఉన్నప్పటి నుంచి వస్తున్న ఆచారం. ఇవాళ వచ్చిన ప్రతి రోగి పేరూ రేపు పొద్దున తలుపులు తీయకముందు వసారాలో చదివి, అందరి కోసం ప్రార్థన చేస్తారు. మదనపల్లెలో, పుంగనూరులో కంప్యూటర్లు వచ్చిన ఏడాదే ఆ పుస్తకాలు అటకెక్కాయి. కుప్పంలో ఇంకా ఉందని షైలజకు తెలుసు గానీ ఎప్పుడూ చూడలేదు.

పన్నెండు గంటలకు ఆయన టీ తాగడానికి లేచాడు. షైలజ మౌసు పట్టుకుని అప్పటిదాకా పడిన పేర్ల జాబితా తీసింది. కుప్పం పేర్ల మధ్యలో చౌడేపల్లె పేర్లున్నాయి. చౌడేపల్లె నుంచి రోగి పుంగనూరు వెళ్తాడు గానీ, ఇంత దూరం ఎందుకొస్తాడు? ఆమె చూపు మెల్లగా పైకి, అడ్రసు గీత మీదికి పోయింది. అక్కడ ఎనిమిదివేల ఎనభై రెండు అని ఉంది.

ఆగస్టులో పిడుగుకు కుప్పం కంప్యూటరు కాలిపోతే, పుంగనూరులో అదనంగా ఉన్నదాన్ని ఆర్టీసీ పార్సిల్లో పంపించింది తానే. దాని స్క్రీను మీదున్న గుర్తు నొక్కితే పుంగనూరు గుమ్మమే తెరుచుకుంటుందని, దాన్ని మార్చాలని ఆ రోజు హడావిడిలో మరిచిపోయింది. మరిచిపోయినా కనిపెట్టి ఉండేవాళ్ళే. కానీ మూడు ఆసుపత్రులైనా మనం ఒకే శరీరమని శాలేము రాజు ప్రోగ్రాము పేజీల మీద ఊరి పేర్లు తీసేయించాడు, మూడు పేజీలూ అచ్చు ఒకేలా ఉన్నాయి. కనీసం దయానందం పాస్‌వర్డు అక్కడ పనిచేయకపోయినా బయటపడేది. పని తగ్గుతుందని ఆమె పుంగనూరు ప్రతినే కాపీ కొట్టి కుప్పానికి పెట్టింది, అందుకే ఒక్క తాళంచెవి రెండు తలుపులకూ సరిపోయింది. ఆరు నెలలుగా కుప్పం మనుషులంతా పుంగనూరు గదిలో పడుతున్నారు. ల్యాబు కంప్యూటరు మాత్రం కుప్పం గుమ్మంలోకే వెళ్ళేది కాబట్టి, రక్తపరీక్షకు వెళ్ళిన వాళ్ళ పేర్లు అందులో కనబడక యేసమ్మ అక్కడ మళ్ళీ ఎక్కించేది. రోజుకు తొమ్మిది మంది అంటే వాళ్ళే.

యేసమ్మ మూడుసార్లు ఫోను చేసింది కూడా. ఈడ రాసిన పేర్లు ల్యాబులో కనపడలేదని చెప్పింది. నెట్టు స్లో అయ్యుంటుంది, ఆపి మళ్ళీ వేయండని షైలజ మూడుసార్లూ అదే జవాబు చెప్పింది.

ఆ సాయంత్రం ఆమె ఎవరికీ ఏమీ చెప్పలేదు. యేసమ్మ ఇంట్లోనే బస. సంగటి ముద్ద మీద చారు పోస్తూ యేసమ్మ ఆసుపత్రి గురించి కాక దయానందం గురించే మాట్లాడింది.

"ఆసుపత్రి పోతే పోయిందిలే పాపా, యాడో ఒకచోట బతుకుతాము. ఆ మనిషిని సూస్తే బయమేస్తాది నాకు. ఇంట్లో గ్యాసు కట్టేసినానా లేదా అని మూడుతూర్లు వెనక్కి పోతాడు. వాళ్ళమ్మకు ఆకర్న మతి పోయింది, కొడుకునే గుర్తుపట్టకుండా సచ్చిపోయింది. నాకూ అదే వస్తాండాది యేసమ్మా అంటాడు. రాసిన పేర్లు లేవంటారంట, రాయని పేర్లు కనపడతాండాయంట. ఎవరికీ సెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాడు. నీకు గాబట్టి సెప్తాండా."

షైలజ చేతిలోని ముద్దను పళ్ళెంలో పెట్టేసింది. రాయని పేర్లు కనబడుతున్నాయంటే అవి చౌడేపల్లె పేర్లని ఆమెకొక్కదానికే తెలుసు. ఆయన మతి ఎక్కడికీ పోలేదు. ఒక్క నంబరు మారిస్తే తేలిపోయే విషయానికి ఒక మనిషి ఆరు నెలలుగా తన తలను తానే అనుమానించుకుంటున్నాడు. ఆ మాట అక్కడే చెప్పేయవచ్చు. నోటి దాకా వచ్చింది కూడా. పచ్చ ఫైలు గుర్తొచ్చి మంచినీళ్ళు తాగింది.

గురువారం పొద్దున ఏడున్నరకు వసారాలో ప్రార్థన. ఆయాలు, కాంపౌండరు, ముందే వచ్చిన నలుగురు రోగులు బెంచీల మీద కూర్చున్నారు. దయానందం నిలబడి పుస్తకం తెరిచాడు. పేరు, ఊరు, బాధ. ఒక్కొక్కరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని పలకరిస్తున్నట్టు చదివాడు. మాదమ్మ, గుడుపల్లె, కీళ్ళనొప్పులు. వెంకటాచలం, శాంతిపురం, దగ్గు. సెల్వి, రామకుప్పం, నెల తప్పింది. షైలజ వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టింది. నలభై మూడు మంది. ఆ లెక్కన ఆరు నెలల పేర్లూ ఆ పుస్తకంలో ఉన్నాయి, తేదీలతో సహా. నవంబరులో ఇది బల్ల మీద పెట్టి ఉంటే ఆయన్ని ఒక్కరు కూడా ఒక మాట అనలేకపోయేవాళ్ళు.

ప్రార్థన అయ్యాక అదే అడిగింది, ఈ పుస్తకం మీటింగుకు ఎందుకు తేలేదని. ఆయన వింతగా చూశాడు.

"అది దేవుని ముందర పెట్టే పుస్తకం గదా తల్లీ. నేను మంచోడినని సెప్పుకునేదానికి ఎత్తుకుపోతారా ఎవరైనా?" అన్నాడు.

తర్వాత కిటికీ రెక్కలు తీసి, బల్ల తుడిచి, ఆమెకు తన కుర్చీ ఇచ్చాడు. తాను పక్కన నిలబడ్డాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"నువ్వు సదువుకున్న పిల్లవి. నేను కొడతా ఉంటే నిన్నంతా సూసినావు గదా. యాడ తప్పు సేస్తాండానో సెప్పు. దాపరికం లేకుండా సెప్పు. తట్టుకుంటాను."

షైలజ స్క్రీను వంకే చూసింది. ఎనభై రెండు అనే అంకె కళ్ళెదురుగానే ఉంది. చెప్పడానికి నాలుగు మాటలు చాలు. చెప్తే ఆయన యేసమ్మకు చెప్తాడు, యేసమ్మ ఊరంతా చెప్తుంది, సాయంత్రానికి మదనపల్లెకు తెలుస్తుంది. ముందు సారుకు తాను చెప్పుకోవాలి, పద్ధతిగా, తన మీదికి రాకుండా. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఆమె చున్నీ సర్దుకుంది.

"ఏం లేదు అంకుల్. వయసు కదా," అంది.

ఆయన తల ఊపాడు. కిటికీ అవతల ఒకామె పిల్లాణ్ణి చంకనేసుకుని నిలబడి ఉంటే, ఆమె పేరు అడగకుండా చాలాసేపు చూస్తూ ఉండిపోయాడు. షైలజ తొమ్మిది గంటల బస్సుకు వెళ్ళిపోయింది.

శుక్రవారం ఆమె శాలేము రాజు గదిలో తలుపు మూసి అంతా చెప్పింది. పద్ధతిగా చెప్పాలనుకున్నది కలగాపులగంగా చెప్పింది, తన మీదికి రాకుండా చెప్పాలనుకున్నది తప్పంతా తనదేనని చెప్పింది. పుంగనూరు జాబితాలోంచి కుప్పం ఊళ్ళ పేర్లు విడదీసి తెచ్చిన కాగితాలు బల్ల మీద పెట్టింది. ఐదువేల ఏడువందల చిల్లర. కుప్పంలో రోజుకు నలభై మంది వస్తున్నారు సార్, మూయాల్సిన ఆసుపత్రి కాదది అంది.

ఆయన కాగితాలు ఓపికగా తిప్పాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. కోపగించుకుంటాడని షైలజ ఎదురుచూసింది. కోపమొస్తే బాగుండేది.

"అమ్మా, ఆ లెక్క చూసి మూస్తున్నామని నువ్వనుకున్నావా? ఆ స్థలం కాలేజీ వాళ్ళకు లీజుకిద్దామని జూన్‌లోనే బోర్డు అనుకుంది. మూయాలనుకున్నాకనే లెక్క అడిగినాం. తొమ్మిది కాక తొంభై వచ్చుంటే ఇంకో కారణం రాసేవాళ్ళం," అన్నాడు మెల్లగా.

మరి దయానందం మెమో సంగతి అడిగింది. శనివారంతో ఆయన కొలువు ఎలాగూ అయిపోతుందని, ఇప్పుడు దాన్ని వాపసు తీసుకుంటే ఆయనకు ఒరిగేదేమిటని, ఊరికే పాత పుండు రేగుతుందని శాలేము రాజు నచ్చజెప్పాడు. ఆయన మతి పోతోందని భయపడుతున్నాడు సార్ అంది షైలజ. పాపం, ప్రార్థనలో జ్ఞాపకం చేసుకుందామన్నాడు.

షైలజ అక్కడే నిలబడి తెల్లకాగితం మీద జరిగింది రాసింది. కంప్యూటరు పంపింది నేను, నంబరు మార్చనిది నేను, ఫోను వస్తే చూడనిది నేను, దయానందం గారి తప్పు ఏమీ లేదు, ఆయన మెమో రద్దు చేయవలెను అని రాసి సంతకం పెట్టింది. ఆయన దాన్ని చదివి, గాజు బరువు ఎత్తి దాని కింద పెట్టాడు. ఆ బరువు కింద అప్పటికే చాలా కాగితాలున్నాయి.

శనివారం బస్సు పుంగనూరు దాటుతుండగా ఆఫీసు గుమాస్తా గంగాధర్ ఫోను చేశాడు. అభినందనలు చెప్పాడు. నిన్న సాయంత్రమే సార్ పచ్చ ఫైలు మీద సంతకం పెట్టాడని, ఒకటో తారీఖు నుంచి పర్మనెంటని, మైసూరుపాకు మరిచిపోవద్దని చెప్పాడు. తానిచ్చిన కాగితం గురించి షైలజ అడిగింది. ఏ కాగితమని గంగాధర్ అడిగాడు. ఆమె ఫోను సంచీలో వేసుకుని కిటికీ వైపు తిరిగింది. ఆరేళ్ళు ఎదురుచూసిన కబురు. సంతోషం రాలేదు సరికదా, నోరు మూసుకున్నందుకు చేతిలో ఏదో పెట్టినట్టుంది. నోరు మూసుకోలేదు కదా అని తనకు తాను చెప్పుకుంది. గురువారం మూసుకున్నావు కదా అని లోపల ఇంకో గొంతు అంది.

కుప్పంలో కిటికీ దగ్గర యేసమ్మ కూర్చుని ఉంది. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొడుతోంది. చెమటలు పట్టి ఉన్నాయి. దయానందం గదిలో మూలన స్టూలు మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు, తన ఇంట్లోనే చుట్టంలాగా. ప్రార్థన పుస్తకం బల్ల మీద మూసి ఉంది. షైలజ తెరిచి చూసింది. గురువారం తేదీ వేసి, మూడు పేర్లు రాసి ఉన్నాయి. నాలుగోది సగంలో ఆగిపోయింది. తర్వాత ఏమీ లేదు.

"నువ్వు పోయినాక ఆపేసినాడు పాపా. వయసంట, నా సేత్తో వద్దులే, పేరు తప్పు రాస్తే ఆ బిడ్డకు ప్రార్థన అందకుండా పోతాదని కూసున్నాడు. నిన్న, ఈ పొద్దు ప్రార్థనే లేదు. మూడుదినాలుగా కిటికీ తట్టు రాలేదు," అంది యేసమ్మ.

షైలజ స్టూలు ముందు నేల మీద కూర్చుంది. అంకుల్ ఒకసారి ఇటు రండి అని చెయ్యి పట్టుకుని లేపి, యేసమ్మ ఖాళీ చేసిన ఆయన కుర్చీలోనే కూర్చోబెట్టింది. అడ్రసు గీత చూపించింది. ఇది మన గుమ్మం కాదు, పుంగనూరుది అని చెప్పింది. ఆగస్టు నుంచి ఆయన ఎక్కించిన పేర్లన్నీ ఒక్కొక్క నెలా తీసి చూపించింది. మాదమ్మ ఉంది. సెల్వి ఉంది. పిడుగు పడిన వారం కాలు విరిగి వచ్చిన మేస్త్రీ ఉన్నాడు. చౌడేపల్లె పేర్లు ఆయన కొట్టినవి కావని, పుంగనూరులో కమలాక్షి కొట్టినవని చెప్పింది. ఒక్క పేరు పోలేదు, మీరు ఒక్కసారి కూడా సేవ్ మరిచిపోలేదు అంది. చెప్తున్నంతసేపూ ఆయన పెదాలు కదిలాయి, పేర్లు చదువుకుంటున్నాడు.

"అయితే నా బుర్ర బాగనే ఉండాదా తల్లీ?" అన్నాడు.

"బాగుంది అంకుల్. తప్పు నాది."

యేసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దయానందం కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. మొహంలో వెలుతురు వచ్చినట్టే వచ్చి ఆగిపోయింది. ఆమె వైపు తిరిగాడు.

"గురువారం నువ్వు ఈ కుర్చీలోనే కూసోని ఉండావు. అప్పుడు తెలుసా నీకు?"

తెలియదని చెప్పొచ్చు. ఆయన నమ్ముతాడు. ఎవరేం చెప్పినా నమ్మే మనిషి కాబట్టే ఇంత జరిగింది.

"తెలుసు," అంది షైలజ.

దయానందం కుర్చీ వెనక్కి జరిపాడు. లేచి వెనక కొళాయి దగ్గరికి వెళ్ళాడు. నీళ్ళు చాలాసేపు పడుతూనే ఉన్నాయి. తిరిగొచ్చి తువ్వాలుతో చేతులు వేలు వేలుకూ తుడుచుకుని, స్కేలు తీసి, పుస్తకంలో ఆగిపోయిన చోటి నుంచి గీతలు గీశాడు. సగంలో ఆగిన నాలుగో పేరు పూర్తిచేశాడు. యేసమ్మ చీటీలు చూసి చెబుతుంటే గురువారం, శుక్రవారం, శనివారం వచ్చిన వాళ్ళందరినీ రాశాడు. మధ్యలో ఒక్కసారే ఆగి, పుంగనూరులో వీళ్ళ పేర్లు ఎవరైనా ప్రార్థనలో చదివారా అని అడిగాడు. అక్కడ ఆ పుస్తకం ఎప్పుడో మానేశారని షైలజ చెప్పింది. అట్లయితే ఇది రాసింది మేలే అయిందన్నాడు.

సాయంత్రం నాలుగున్నరకు చివరి రోగి, సుగరు మాత్రల కోసం వచ్చిన ముసలాయన వెళ్ళిపోయాడు. ఆయన పేరు కింద దయానందం ఇంకో గీత గీశాడు. షైలజ అని రాశాడు. పక్క గడిలో మదనపల్లె అని రాశాడు. మూడో గడి దగ్గర పెన్ను ఆగింది. ఏం బాధ అని ప్రతి మనిషినీ అడిగే ఆయన ఆమెను అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో ఆమెకూ తెలియదు. సంచీలో ఫోను బరువుగా తోచింది. ఆయన ఆ గడిని ఖాళీగానే వదిలి, రేపు ఆదివారం చర్చిలో నేనే చదువుతానని యేసమ్మతో చెప్పి, పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నాడు.

ఇక మిగిలింది ఒక్కటే పని. షైలజ తన ల్యాప్‌టాప్ తెరిచి మదనపల్లె మిషనులోకి వెళ్ళింది. మూడు ప్రోగ్రాములూ మూడు వరసల్లో కనబడుతున్నాయి. మూడో దాని ఎదురుగా ఆపమన్న మాట కొట్టింది. దయానందం వచ్చి భుజం మీదుగా చూస్తూ నిలబడ్డాడు. మీట నొక్కడానికి ఆమె వేలు పెట్టింది.

"తొందర పడొద్దు తల్లీ," అన్నాడాయన. "ఏ గుమ్మమో ఇంకోతూరి సూసుకో."

ఆమె చూసుకుంది. ఎనభై మూడే. మళ్ళీ చూసుకుని నొక్కింది.